కుడి పువ్వు కింద పలచని పసుపు

1969, ఫాల్గుణ మాసం, శుక్రవారం, పగలు పదకొండు గంటలు. శ్రీకూర్మానికి తూర్పున, సముద్రపు ఇసుక మీద ఒక జాలరి పేట. గంగమ్మ గుడి ముందు.

ఉన్నవారు: పేట కులపెద్ద పోలయ్య. పోలయ్య చనిపోయిన తమ్ముడి భార్య కన్నమ్మ. పోలయ్య మనవరాలు, ఐదేళ్ళ గౌరి. మా శాఖ బంట్రోతు సింహాచలం. వేటకు వెళ్ళని ముసలివాళ్ళు, పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్ళు చాలామంది. నేను.

ఇది నా డైరీలో ఆనాటి పేజీకి మొదలు. దాని కింద సిరాతో, "పువ్వు కుడివైపు రాలింది. పని కుదిరింది" అని ఉంది. ఇంకా కిందికి, పెన్సిలుతో, నా చేతిరాతేనా అనిపించే నాలుగు వరుసలు ఉన్నాయి. ఆ సిరాకీ పెన్సిలుకీ మధ్య ఒక సాయంత్రం గడిచింది. ఉద్యోగంలో నేను నేర్చుకున్న వాటిలో సగం ఆ సాయంత్రం నేర్చుకున్నవే. ఆరోగ్య శాఖలో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి పాత రోజుల సంగతులు అడుగుతారు. ప్రమోషన్లు, బదిలీలు, రిజిస్టర్లు ఎవరికైనా ఒకటే. అవి వదిలేసి ఇది రాస్తున్నాను. పేట పేరు రాయను. ఆ మనుషుల మనవలు ఇప్పుడు మంచి ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్ళ తాతల కథ వాళ్ళు చెప్పుకుంటేనే బాగుంటుంది.

మా పని

ఇప్పటి వాళ్ళెవరూ మశూచి చూడలేదు. చూడకపోవడమే మా తరం చేసిన పని. మా ప్రాంతంలో దాన్ని పెద్దమ్మవారు అనేవాళ్ళు. ఒంటినిండా పొక్కులు లేచిన పిల్లని "అమ్మోరు పోసింది" అనేవాళ్ళు తప్ప జబ్బు అనేవాళ్ళు కాదు. గుమ్మానికి వేపమండలు కట్టి, ఆ ఇంట్లో పోపు వెయ్యడం కూడా మానేసేవాళ్ళు.

నేను టీకాలు వేసేవాణ్ణి. ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. సంచిలో మందు సీసాలు, స్పిరిట్టు, దూది, కొత్తగా ఇచ్చిన రెండు మొనల సూదులు. మందు పొడిగా ఉండేది. ఒకసారి నీటిలో కలిపితే ఆ రోజే వాడెయ్యాలి. చేతి మీద చిన్న చిన్న పోట్లు పొడవడానికి అర నిమిషం చాలు. ఆ ఇంటి గుమ్మం దాటడానికి మాత్రం ఒక్కోసారి మూడు రోజులు పట్టేది. మా ఉద్యోగమంటే నిజానికి ఆ మూడు రోజులే.

దేవుడి మీద నమ్మకం లేనివాణ్ణి కాను. మా ఇంట్లో రెండు పూటలా దీపం పెట్టేవాళ్ళం. శ్రీకూర్మం దారిన వెళితే స్వామి దర్శనం చేసుకోకుండా వచ్చేవాణ్ణి కాను. అయితే దేవుణ్ణి అడగడమంటే, నాకేం కావాలో చెప్పి అది జరిపించమనడమే అని అప్పటికి నా ఎరుక. పరీక్ష పాసు కావాలి, ఫలానా చోటికి బదిలీ కావాలి. ఆయన అవునంటే కొబ్బరికాయ, కాదంటే అలక.

మా ఇన్‌స్పెక్టరు

ఆయన పేరు కూడా రాయను. పనిమంతుడు. పొద్దున్న ఆరింటికి బూట్లు వేసుకుంటే చీకటి పడ్డాకే విప్పేవాడు. ఆయన పద్ధతి ఒక్కటే, జీపు, ఇద్దరు కానిస్టేబుళ్ళు, తలుపు. అంతకు ముందు నెల ఒక ఊళ్ళో ఆయన వెనకాల వెళ్ళాను. ధాన్యం గాదెలో దాచిన పిల్లల్ని బయటికి లాగి టీకాలు వేశాం. సాయంత్రానికి సగం ఊరు చుట్టాల ఇళ్ళకి పారిపోయింది. వాళ్ళతో పాటు జబ్బూ వెళ్ళిందని పది రోజుల తరవాత తెలిసింది.

ఈ జాలరి పేటకి కోసు దూరంలో ఇంకో పేటలో, ఒక ఇంట్లో పెద్దమ్మవారు పోసిందని కబురొచ్చింది. ఆ ఇంటి చేపల తట్టలు, ఈ పేట చేపల తట్టలు ఒకే సంతలో పక్కపక్కన దింపుతారు. తగిలిన మూడు నాలుగు రోజుల్లో టీకా పడితే చాలావరకు ఆపవచ్చు. ఆ తరవాత చేతుల్లో ఉండదు. ఈ పేటలో పిల్లలెవరికీ అప్పటిదాకా టీకా లేదు. ఇన్‌స్పెక్టరు నాకు ఒకటిన్నర రోజు గడువిచ్చాడు. శనివారం మధ్యాహ్నానికి జీపుతో వస్తానన్నాడు. "నీ మెత్తదనం అప్పటిదాకా" అన్నాడు.

కులపెద్ద

పోలయ్య ఇసుకలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. అరవై దాటిన మనిషి, ఎండకి ఒళ్ళు పడవ చెక్కలా నల్లబడింది. సంగతంతా చెప్పాను. ఆయన వింటూ రెండు కన్నాలు అల్లాడు. జవాబు ఆయన దగ్గరనుంచి రాలేదు, వెనకాల చేపలు ఎండబెడుతున్న కన్నమ్మ దగ్గరనుంచి వచ్చింది.

"ఈసారి ఏ సెయ్యి కుళ్ళబెడతావు బాబూ? కుడా, ఎడమా?"

ఆ మాట వెనకాల ఏముందో సింహాచలం నా చెవిలో చెప్పాడు. ఏడేళ్ళ కిందట ఎవడో టీకాలవాడు వచ్చి, తిప్పుతూ గీరే పాత చక్రం పనిముట్టుతో పోలయ్య తమ్ముడికి టీకా వేశాడు. పనిముట్టు కడిగాడో లేదో. చెయ్యి చీము పట్టి, జ్వరమొచ్చి, పదో రోజుకి ఆ మనిషి పోయాడు. ఆ చక్రం ఇప్పుడు లేదని, ఈ సూది మరిగించి తెచ్చానని చెప్పాను. ఎవరూ నా సూది వంక చూడలేదు.

అప్పుడు పోలయ్య వల పక్కన పెట్టి అన్న మాటలు మధ్యాహ్నమే డైరీ చివరి పేజీలో రాసుకున్నాను. "నాకు ఒద్దని నాకు తెలుసు. నీకు కావాలని నీకు తెలుసు. మనిద్దరం తగువాడుకుంటే ఎప్పటికి తెగద్ది? ఈ పేట నాది కాదు, నీది కాదు. ఆయమ్మది. అడుగుదుం."

పువ్వులు

అక్కడి ఆనవాయితీ ఇది. గంగమ్మ అంటే నడుము ఎత్తు రాయి, పసుపు పూసి ఉంటుంది. ఆ రాతి రెండు భుజాలకీ తడి పసుపుతో రెండు మందారాలు అంటించి, అడగవలసింది అడుగుతారు. అమ్మవారి కుడి పువ్వు ముందు రాలితే అవును. ఎడమ పువ్వు రాలితే కాదు. కొత్త పడవ నీటిలోకి దింపాలన్నా, తగువు తీర్చాలన్నా అలాగే.

పువ్వులు నన్ను పెట్టమన్నాడు పోలయ్య. తన మనసు పేటలో అందరికీ తెలుసనీ, తనవాళ్ళు పెడితే తెలియకుండానే వేలు తన వైపు మొగ్గుతుందనీ ఆయన భయం. కన్నమ్మకి అది నచ్చలేదు.

"బావా, ఆడికి కావాల్సిన పక్కకే ఆడు ఎట్టుకుంటాడు."

"అమ్మ ఎదురుగుండా ఎట్టుకుంటాడేటి? ఆడూ మనిషే కదే."

గిన్నెలో పసుపు ముద్ద ఇచ్చారు. పక్కన చెంబుతో నీళ్ళు. గుడి అంటే తాటాకు పందిరి. వంగి లోపలికి వెళితే బయటివాళ్ళకి నా వీపే కనిపిస్తుంది. ఎడమ భుజానికి గట్టి ముద్ద అద్ది పువ్వు నొక్కాను. తరవాత వేలు చెంబులో ముంచి, కుడి భుజానికి పలచగా పూసి, పువ్వు ఆనీ ఆననట్టు నిలిపాను. చెయ్యి వణకలేదు. పిల్లల ప్రాణాలు కాపాడుతున్నానన్న ధైర్యం ఉంది. జీపు కంటే ఇది మేలు కదా అని కూడా అనుకున్నాను.

ఇవాళ ఆ ఇన్‌స్పెక్టరుని తలుచుకుంటే ఒక సంగతి ఒప్పుకోవాలనిపిస్తుంది. ఆయన బలవంతం చేశాడు కాని, చేస్తున్నది దాచలేదు. నేను దాచాను.

పోలయ్య స్నానం చేసి తడిబట్టతో వచ్చి రాతి ముందు నిలబడ్డాడు. మంత్రాలేం చదవలేదు. ఇంట్లో పెద్దావిడతో మాట్లాడినట్టు మాట్లాడాడు. "అమ్మా, నా మనసు నీకు సెప్పక్కర్నేదు. ఒద్దనే ఉన్నాది. దాన్ని అవతల ఎట్టి అడుగుతన్నాను. నువ్వు ఏ పక్క రాల్చినా నాను నీ మాట మీద ఉంటాను."

సముద్రం మోత ఒక్కటే. కాసేపటికి కుడి పువ్వు జారి, రాతి మొదట్లో పడింది.

ఆయన ముఖం చూశాను. దెబ్బ తిన్న ముఖం. మరుక్షణమే వంగి, నుదురు ఇసుకకి ఆనించి, లేచి నాతో అన్నాడు. "రేపు పొద్దున్న పడవలు దింపం. మగోళ్ళందరూ ఉంటారు. పడవల కాడ ఎయ్యి. ముందు నా ఇల్లు."

సింహాచలం ఆ పూట చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాడు. నేను డైరీ తీసి, సిరాతో "పని కుదిరింది" అని రాశాను.

చెక్కసూది

సాయంత్రం, ఇంకా వెలుగు ఉండగానే, రేపటికి నీళ్ళు మరిగించడానికి కుండ అడుగుదామని పోలయ్య ఇంటి వైపు వెళ్ళాను. ఇంటి పక్క నీడలో ఆయన గౌరిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉన్నాడు. కన్నమ్మ గుమ్మంలో అటు తిరిగి కూర్చుంది. నన్ను ఎవరూ చూడలేదు.

ఆయన చేతిలో వల అల్లే చెక్కసూది ఉంది. దాని మొద్దు కొసతో పిల్ల చేతి మీద మెల్లిగా తాకిస్తున్నాడు. తాకించినప్పుడల్లా "ఇంతే, ఇంతే" అంటున్నాడు. పిల్ల మొదట చెయ్యి లాక్కుంది. తరవాత నవ్వింది. తరవాత తనే చెయ్యి చాపి "ఇంతే" అంది.

కన్నమ్మ అటు తిరిగే అడిగింది. "నీ తమ్ముడు పోయినప్పుడు ఏటన్నావు బావా? నా కంఠంలో పేనముండగా ఈ పేటలోకి సూది రానియ్యనన్నావు."

"అన్నాను. అది నా మాట. ఇది ఆయమ్మ మాట. నా మాట పోతే పోనీ."

ఆయన మళ్ళీ చెక్కసూది కొసని మనవరాలి చేతికి ఆనించాడు. ఆయనకి తన రక్తమంటూ ఈ లోకంలో మిగిలినది ఆ పిల్లే. తన కళ్ళ ముందు తమ్ముణ్ణి తీసుకుపోయిన దానికి ఆ పిల్ల చెయ్యి అందివ్వడానికి సిద్ధపడుతున్నాడు, అమ్మ చెప్పిందని. అమ్మ చెప్పలేదు. నేను చెప్పాను, చెంబులో వేలు ముంచి. ఆ మనిషి నిష్ఠ అంతా దేవతకి చేరకుండా నాకు చేరుతోంది. దాన్ని పుచ్చుకోవడానికి నేనెవణ్ణి?

చెప్పకపోతే రేపు అందరికీ టీకాలు పడతాయి. చెపితే ఏమవుతుందో తెలియదు. ఈ లెక్క నాకు అప్పుడే స్పష్టంగా ఉంది. అయినా కాళ్ళు ముందుకే వెళ్ళాయి. వెళ్ళి పసుపు సంగతి చెప్పేశాను.

కన్నమ్మ లేచి తిట్టిన తిట్లు రాయను. వాటిలో ఒక్కటీ అన్యాయం కాదు. పోలయ్య ఆమెను ఆగమన్నాడు. నా వేళ్ళ వంక చూశాడు.

"ఇంకెవులికైనా సెప్పినావా?"

"లేదు."

"సెప్పకపోతే రేపటికి నీ పని అయిపోను కదా. మరెందుకు సెప్పినావు?"

"మీరు అమ్మ మాట అనుకుని నా మాట వింటున్నారు. చూడలేకపోయాను" అన్నాను.

ఆయన తల ఊపాడు. మళ్ళీ అడుగుతానన్నాడు, ఈసారి పువ్వులు తనే పెడతానన్నాడు. ఆగి, ఇంకో ప్రశ్న వేశాడు. "ఎడమ పువ్వు రాలితే సంచి తీసుకుని ఎల్లిపోతావా?"

ఇంకో అబద్ధం ఆడే ఓపిక లేదు. "వెళ్ళను. రేపు మధ్యాహ్నం మా ఇన్‌స్పెక్టరు పోలీసులతో వస్తాడు. నేనూ ఆయనతోనే ఉంటాను. పిల్లల్ని వదిలెయ్యలేను."

"అయితే నువ్వు అడిగినోడివి కావు బాబూ. అడిగినోడు రెండిటికీ సిద్ధపడాల. నువ్వు గుడి కాడికి రాకు."

కోపంతో అనలేదు. ఈ పడవలో నీకు చోటు లేదని చెప్పినంత మామూలుగా అన్నాడు. తమ్ముడు పోయినా, పిల్ల ఒళ్ళో ఉన్నా, రెండిటికీ సిద్ధపడగల మనిషి ఆయన. అలాంటి మనిషిని అంతకు ముందు చూడలేదు. ఆ తరవాత కూడా ఎక్కువమందిని చూడలేదు.

ఆ రాత్రి పెన్సిలుతో రాసిన నాలుగు వరుసలు ఇవి: "పసుపు సంగతి చెప్పాను. పిల్లలకి ఏమైనా అయితే అందులో నా పాలు ఉంది. పడుకునే ముందు దండం పెట్టుకున్నాను. ఏం కావాలో చెప్పలేదు."

కొత్తవాళ్ళకి

ఒక అబద్ధానికీ అంతమంది పిల్లలకీ పోలికా అని మీరు అడుగుతారు. నేనూ నన్ను చాలాసార్లు అడుక్కున్నాను. మర్నాడు వేరేగా జరిగి ఉంటే ఈ వ్యాసం రాసే ధైర్యం నాకు ఉండేది కాదేమో. కాబట్టి నేను చేసినది సరైనదని మీకు బోధించను. పువ్వులు అడిగి టీకాలు వెయ్యమనీ చెప్పను.

ఒకటి మాత్రం చెప్పగలను. ఆ తరవాత ముప్పై ఏళ్ళకి పైగా, పెద్ద నిర్ణయం ఏది వచ్చినా డైరీ పేజీ మధ్యకి గీత గీశాను. ఒక వైపు నాకు కావలసినది, రెండో వైపు దానికి ఎదురైనది. దేవుడి ముందు కూర్చుని, రెండో వైపున ఉన్నది ఇస్తే పుచ్చుకోగలనా అని చూసుకున్నాను. చాలాసార్లు పుచ్చుకోలేనని తెలిసింది. అలాంటప్పుడు నేను ఆయన్ని అడగడం లేదు, నేను రాసుకున్న కాగితం మీద ఆయన సంతకం చేయించుకుంటున్నాను. ఆ సంగతి తెలుసుకుని కలం మూసేసిన రోజులే నా ఉద్యోగంలో నేను తక్కువ హాని చేసిన రోజులు.

మర్నాడు పొద్దున్న

శనివారం పొద్దు పొడిచేసరికి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. మగవాళ్ళు వాటి నీడన కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. రాత్రికి రాత్రి పసుపు సంగతి పేటంతా పాకింది. నన్ను చూసి ఎవరూ పలకరించలేదు. ఒకాయన మాత్రం "ఒరే, పసుపు బాబు వచ్చినాడు, సెంబులు దాసుకోండి" అన్నాడు. ఎవరూ పెద్దగా నవ్వలేదు. మందు కలపాలో లేదో తెలియక సీసా చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

పోలయ్య గుడి వైపునుంచి నడిచి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అందరికీ వినబడేలా చెప్పాడు. రెండు భుజాలకీ ఒకే ముద్ద పసుపు తనే పెట్టాడట. తెల్లవార్లూ ఎదురుగా కూర్చున్నాడట. కుడిదీ రాలలేదు, ఎడమదీ రాలలేదు. ఇప్పటికీ అలాగే ఉన్నాయట.

"ముందు కోపమొచ్చినాది, ఆయమ్మ పలకదేటని. తెల్లారేతలికి తెలిసినాది. నిన్న సాయంత్రమే పలికినాది, నానే ఇనుకోనేదు." నా వైపు తిరిగాడు. "నువ్వు గెలిసినోడివి. నీకు కావాల్సింది నీ సేతిలో పడిపోనాది. అప్పుడొచ్చి ఓడిపోయే మాట సెప్పినావు. అది నీ ఇష్టం కాదు. నా ఇష్టం అసలే కాదు. మరెవులిది?"

జవాబు కోసం ఆగకుండా నా చేతిలోని సీసా చూపించాడు.

"నాను సూది గురించి అడిగినాను. ఆయమ్మ సెయ్యి సూపించినాది. నా తమ్ముణ్ణి సంపింది సూది కాదు, కడగని సెయ్యి. కడుక్కున్న సెయ్యి ఇది. కలుపు నీ మందు."

పడవ అంచు మీద కూర్చుని ఎడమ చెయ్యి చాపాడు. మందు కలిపి, సూది ముంచి, ఆ చెయ్యి పట్టుకునేసరికి నా వేళ్ళు ఆగలేదు. ముందు రోజు గుడిలో వణకని వేళ్ళు. ఆయన కుడి చేత్తో నా మణికట్టు పట్టుకుని, పోట్లన్నీ అయ్యేదాకా వదలలేదు.

తరవాత కన్నమ్మ వచ్చింది. నా ముఖం చూడలేదు. సూది వంక, మరిగిన నీళ్ళ కుండ వంక తేరిపార చూసి, చెయ్యి ఇచ్చింది. ఆమె వెనకాల మగవాళ్ళు ఒక్కొక్కరే బీడీలు ఇసుకలో గుచ్చి లేచారు.

కన్నమ్మ చంక దిగి గౌరి నా ముందు నిలబడింది. చెయ్యి తనే చాపింది. నా వేళ్ళు ఇంకా వణుకుతుండడం చూసి, రెండో చేత్తో నా మోకాలి మీద మెల్లిగా తట్టింది.

"ఇంతే," అంది. "ఇంతే."